నీళ్లు మోసిన పుట్టి

మాధవరం దగ్గర తుంగభద్ర బండల మధ్య పాయలుగా చీలి పారుతుంది. అవతలి ఒడ్డు కన్నడ సీమ. వంతెన లేని రోజుల్లో రెండు ఒడ్లనూ కలిపినవి పుట్టులే. వెదురు అల్లి, అడుగున తారు పూసిన గుడ్డ బిగించిన గుండ్రటి పడవలవి. కాపురానికి పోయే పెళ్లికూతుళ్లూ, సంతకు పోయే మేకలూ తిమ్మమ్మ తండ్రి పుట్టిలోనే ఏరు దాటేవారు. ఆయన తరువాత తెడ్డు తిమ్మమ్మ చేతికొచ్చింది. వంతెన కట్టాక ఎక్కేవాళ్లు లేక ఆమె చేపల వల పట్టింది. పెద్ద వరదకు ఆమె గుడిసె కొట్టుకుపోయింది. పుట్టి మాత్రం తుమ్మచెట్టుకు చిక్కుకుని మిగిలింది.

ఊరికి ఎగువన బండల నడుమ తల్లిమడుగు ఉంది. ఎండాకాలం చేపలన్నీ అందులో తలదాచుకుంటాయి. అక్కడ వల వేయకూడదని బెస్తల కట్టుబాటు. "తల్లిని తిన్నోనికి మరునాడు కూడు యాడిది?" అనేవాడు ఆమె తండ్రి.

ఈ ఏడు ఆ మడుగే ఎండసాగింది. చేపలు నోళ్లు పైకెత్తి గాలి మింగుతున్నాయి. తిమ్మమ్మకు అన్నం సయించలేదు. ఆ చేపలు పోతే రేపు ఏరొచ్చినా ఉత్త నీళ్లే.

తమ్ముడి కొడుకు ఈరేష్ వల భుజాన వేసుకొచ్చాడు. "అత్తా, సూస్తా కూసుంటే కాకులపాలైతాయి. పట్టి ఎమ్మిగనూరు సంతకన్నా తోలుదాం."

"పట్టు. సంతకు గాదు. వంతెన కింద లోతు నీళ్లుండాయి, ఆడికి."

"ఎట్లా? సంకనెత్తుకోని పోదామా?"

"పుట్టిలో."

ఊళ్లో ట్రాక్టరున్న శంకరన్నను బండి అడిగితే పకపకా నవ్వాడు. "ఏమమ్మా, ఏరు లేదని పుట్టిని నా ట్రాక్టరెక్కిస్తాండావా?"

"నీళ్లను లోపలికి రానీని గుడ్డ, బయటికి మాత్రం పోనిస్తాదా శంకరన్నా?"

అతడి నవ్వు ఆగిపోయింది. పోయి బండి తెచ్చాడు.

పుట్టిని ట్రాలీలో పెట్టి బిందెలతో నీళ్లు నింపారు. చేపలను వేశారు. బండల దారిలో వెదురు కిర్రుమంటుంటే తిమ్మమ్మ అంచుకు వీపు ఆనించి కూర్చుంది. బయటి నీటికి ఎదురు నిలవడానికి అల్లిన వెదురు అది. లోపలినుంచి తోసే నీటి బరువు ఎరగదు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు.

కొన్ని తడవలు క్షేమంగా సాగాయి. చివరి తడవ, వంతెన దగ్గర ఏట్లోకి దిగే వాలులో పుట్టి ఫెళ్లున విరిగింది. నీళ్లతో పాటు చేపలూ ఇసుకలో పడ్డాయి. అందరూ గంపలతో, తువ్వాళ్లతో నీళ్ల వైపు పరుగు తీశారు. తిమ్మమ్మ ఒక పెద్ద వాలుగ చేపను తడికొంగులో పొదివి తెచ్చి నీటిలో విడిచింది. అది కాసేపు పక్కకు ఒరిగి ఉండిపోయింది. తరువాత తోక కదిలించి లోతుకు పోయింది. కొన్ని చచ్చిపోయాయి. వాటిని ఎవరూ కూరకు తీసుకుపోలేదు.

ఆషాఢంలో ఏరు వచ్చింది. పుట్టి లేని తిమ్మమ్మ ఒడ్డునే నిలబడిపోయింది. ఈరేష్ తను కొత్తగా అల్లించుకున్న పుట్టిని ఆమె ముందుకు తెచ్చాడు.

"ఎక్కు అత్తా."

"ఊరినంతా ఎక్కించినదాన్ని. నన్నెక్కించుకునేంత మొనగానివైనావా రా?"

"తెడ్డు నువ్వే పట్టుకో. నీళ్ల కింద బండలు యాడుండాయో నాకు తెలీదు."

ఆమె తెడ్డు అందుకుంది. పుట్టి ఎగువకు మెల్లగా సాగింది. తల్లిమడుగు నిండా నీళ్లు. అక్కడికి రాగానే, ఆమె ఏమీ అనకముందే, ఈరేష్ చేతిలోని వలను చుట్టి కాళ్ల కింద పెట్టుకున్నాడు.