మాగాయ ఊట, మాలిస్ అనే మాట

పీర్జాదిగూడలో మా ఫ్లాటు బాల్కనీలో, స్టీలు గిన్నెలో మాగాయ ఊట ఎండుతోంది. ఉప్పూ పసుపూ మామిడి పులుపూ కలిసి ఎండకు వేడెక్కిన ఆ వాసన తగిలిందంటే చాలు, నాకు నోరూరడం కన్నా ముందు ఒక ఇంగ్లీషు మాట గుర్తొస్తుంది: మాలిస్.

ఎనభైల చివర్లో మేము నాచారంలో, ఫ్యాక్టరీ ఉద్యోగుల క్వార్టర్సులో ఉండేవాళ్లం. రెండేసి ఇళ్లకు ఒకటే డాబా. ఎండాకాలం వచ్చిందంటే దాని మీద ఒకవైపు మా అమ్మ పెట్టిన చల్ల మిరపకాయలు, సగ్గుబియ్యం వడియాలు, ఇంకోవైపు పక్కింటి కృష్ణవేణత్తయ్య మామిడి ముక్కలు, నడుమ కాకుల్ని తోలే పేరుతో తొక్కుడుబిళ్ల ఆడుకునే నేనూ, ఆమె కూతురు పద్మా. అత్తయ్యవాళ్లది కాకినాడ వైపు. ఆమె మాటకు మేము నవ్వేవాళ్లం, మా మాటకు ఆమె నవ్వేది, కూరగిన్నెలు మాత్రం పిట్టగోడ మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

ఆ ఏడు ఒక మధ్యాహ్నం ఉప్పల్ వైపు నుంచి మబ్బు కమ్మి, దుమ్ము లేచి, చినుకులు మొదలయ్యాయి. అత్తయ్యవాళ్లు లాలాపేట బజారుకు వెళ్లారు. అమ్మ డాబా మీదికి ఉరికి, మా వడియాలు తడుస్తున్నా వదిలేసి, ముందు వాళ్ల మామిడి ముక్కలు చెంగులో ఎత్తుకొచ్చింది. పక్కనే బేసినులో పచ్చగా ఉన్న నీళ్లను తూములో పారబోసి, బేసిను తోమి మరీ వాళ్ల గుమ్మంలో బోర్లించింది. మా ఇంట్లో మామిడికాయ తొక్కు తప్ప మాగాయ ఎరగం. ముక్కలు పిండిన ఆ ఊటనే మళ్లీ ముక్కల్లో కలుపుతారనీ, పచ్చడికి ప్రాణం అదేననీ అమ్మకెవరు చెప్పారు?

ఊటంటే తెలియనివాళ్లు లోకంలో ఉంటారని అత్తయ్యకూ తోచలేదు. అడగలేదు, పోట్లాడలేదు, మాట మానేసింది. కూరగిన్నెలు ఆగిపోయాయి. పద్మ ఆటకు రావడం మానేసింది. కారణం తెలియక అమ్మ లోలోపల కుమిలిపోయేది. నాకున్న ఒక్క స్నేహితురాలూ పోయిందని నేను దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేదాన్ని.

చివరి క్వార్టరులో ఉండే సారు సాయంత్రాలు పిల్లలందరికీ రోజుకొక ఇంగ్లీషు మాట నేర్పేవారు. అర్థం బట్టీ పడితే ఒప్పుకునేవారు కాదు. ఎవరింటి సంగతితో వాళ్లు వాక్యం కట్టాలి. ఆ రోజు మాట మాలిస్. ఎదుటివాళ్లకు చెడు జరగాలని కోరుకునే బుద్ధి మాలిస్ అని చెప్పి, గాలికి మన బట్టలెగిరిపోతే నష్టం నష్టమే కానీ గాలికి మాలిస్ ఉండదన్నారు. పద్మ లేచింది. నా వైపు చూడకుండా, పక్కింటావిడ మాలిస్‌తో మా ఊట పారబోసిందని ఇంగ్లీషులో చెప్పింది. మా అమ్మను అంత మాటనేసరికి నా ఒళ్లు మండిపోయింది.

"వాక్యం మంచిగున్నది బిడ్డా. ఆమె మనసుల ఏమున్నదో నీకెట్ల ఎరుక?" అన్నారు సారు.

నేను కోపంగానే లేచాను. కానీ అడిగింది మాత్రం నాకు తెలియని ఆ మాట గురించే.

"ఊటంటే ఏంది సార్?"

పిల్లలంతా నవ్వారు. పద్మ నవ్వలేదు. నా మొహంలోకి చూసి, పుస్తకాలు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది.

దీపాలు పెట్టే వేళకు అత్తయ్య మా గుమ్మంలో నిలబడి ఉంది. సంగతి విని అమ్మ నెత్తి పట్టుకుంది.

"ముక్కలు కడిగిన నీళ్లనుకున్న వదినా. నీ పచ్చడి ఖరాబు జేస్తె నాకేమొస్తది?"

"ఒక్క మాట అడగాల్సిందండీ నేను," అంటూ అత్తయ్య అమ్మ చేతులు పట్టుకుంది.

మర్నాడు అత్తయ్య కొత్తగా కాయలు తెప్పించి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ మాగాయ పెట్టింది. పద్మా నేనూ టెంకలు చీకుతూ చూశాం. నాకొచ్చిన మాగాయ అదే.

ఆ క్వార్టర్సు ఎప్పుడో కూల్చేశారు. సారు లేరు, అత్తయ్యా అమ్మా కూడా లేరు. మా అపార్టుమెంటు డాబాకు ఎప్పుడూ తాళమే. చినుకు పడితే ఈ గిన్నె లోపల పెట్టుకోవాల్సింది నేనే. నా ఊటను పొరపాటున పారబోయడానికైనా ఇప్పుడు ఎవరూ రారు.