రాహేలు ముందు సంపు చూస్తుంది

ఎవరింటికి వెళ్ళినా డాక్టర్ రాహేలు ముందు పలకరించేది మనుషుల్ని కాదు, నీళ్ళ సంపుని. గృహప్రవేశాలకు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాలంటే భర్త కిరణ్ పాల్‌కు గుండె దడ. అందరూ కొత్త వంటగది మెచ్చుకుంటుంటే, ఈవిడ పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, సంపు మూత తీసి లోపలికి తొంగిచూస్తుంటుంది.

"పెళ్ళికి ముందు మా ఇంటికొచ్చి, నాకన్నా ముందు సంపునే చూశావు" అని అతను ఇప్పటికీ దెప్పుతాడు.

"శుభ్రంగుండె. అందుకే నిన్ను చేసుకున్న."

ఆ వానాకాలం నల్లగండ్లలోని వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ విరేచనాలు పట్టుకున్నాయి. ఆఫీసు మీటింగుల మధ్యలోంచి మనుషులు లేచి పరుగెడుతున్నారు. అసోసియేషన్ సెక్రటరీ సోమేశ్వరరావు అందర్నీ సమావేశపరిచి తీర్పు చెప్పేశారు.

"రోగం తెస్తున్నది ఈ పనివాళ్ళేనండీ. రేపట్నుంచి ఒక్కరినీ గేటు దాటనివ్వొద్దు."

మెట్ల దగ్గర నిలబడి వింటున్న ఓబులమ్మ ముఖం పాలిపోయింది. ఈ ఇళ్ళలో పనే ఆమెకు కూడు.

రాహేలు లేచింది. "సంపు తాళంచెవి ఇయ్యుండ్రి."

"సంపుకేమండీ, మొన్ననేగా కడిగించాం. తాళంచెవి ఎక్కడుందో ఏమో!"

"ఇస్తరా, పగలగొట్టాల్నా?"

"చదువుకున్నవారు, ఇదేం మొండితనమండీ?"

"మొండిదాన్నే! చందానగర్‌ల మా వాడ సంగతి జర వినుండ్రి. మా అమ్మది చర్చి, పక్కింటి సకీనా ఖాలాది మసీదు, ఎదురింటి గుంటూరు పిన్నిది గుడి. పిల్లలం అందరిండ్లల్ల తిన్నం. ఒకపారి అందరికీ పచ్చకామెర్లొచ్చినయి. మీ కూరతోనంటే మీ బిర్యానీతోనని పెద్దోళ్ళు మాటలు బంద్ చేసిన్రు. నర్సు పని చేసే మా అమ్మ, అందరం తాగే సంపు మూత తీస్తే, అండ్ల చచ్చిన పందికొక్కు! ఆ దినమే అనుకున్న, డాక్టర్‌నైత, నీళ్ళు చూడకుండ మనిషి మీద నిందెయ్యనియ్య అని."

ఇన్నేళ్ళూ చాదస్తమనుకున్న కిరణ్ పాల్‌కు భార్య మీద ప్రేమ పొంగుకొచ్చింది. చరచరా ఇంట్లోకి వెళ్ళి సుత్తి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. సుత్తిని చూడగానే తాళంచెవి సోమేశ్వరరావు జేబులోనే దొరికింది.

మూత తీశారు. పక్కనున్న మురుగు గొట్టం పగిలి, నల్లటి నీళ్ళు సన్నగా సంపులోకి కారుతున్నాయి. సెక్రటరీగారు ముక్కు మూసుకున్నారు.

"రేపే బాగుచేయిస్తానండీ."

"ఇయ్యాలనే. ఇంకోటి. అందరి ముందట నిందేసిన్రు. అందరి ముందటనే తప్పైందనుండ్రి."

సోమేశ్వరరావు అటూ ఇటూ చూశారు. రాహేలు సుత్తి ఇంకా కింద పెట్టలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"క్షమించండి, ఓబులమ్మగారూ."

ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమోనని ఓబులమ్మ వెనక్కి తిరిగి చూసింది.