ఇంకోసారి గారి వానల పోటీ

వాతావరణ కేంద్రంలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎవరేం చెప్పినా ఒక్కసారికి నమ్మని మనిషి కాబట్టి అందరికీ ఆయన ‘ఇంకోసారి గారు’. తడిసి ముద్దయిన ప్యూను వచ్చి బయట కుండపోత అని మొత్తుకున్నా, "ఇంకోసారి చూసి రావయ్యా" అనేవారు.

ఇంట్లోనూ అదే వరస.

"ఏమండీ, పాలు పొంగిపోతున్నాయి, స్టవ్ కట్టేయండి!" అని పెరట్లో బట్టలారేస్తూ, వంటింటి కిటికీలోంచి చూసి భార్య కేక.

"ఇంకోసారి చూసి చెప్పు."

"చూడ్డానికి గిన్నెలో పాలుండాలి కదండీ!"

అలాంటాయన చేతిలో పడింది కొత్తగా చేరిన అమ్మాయి. తాత్కాలిక ఉద్యోగం. తను రాసిన పద్ధతి నెగ్గితేనే ఖాయమవుతుంది. పోటీ ఎవరితోననుకున్నారు? ఇంకోసారి గారు ఏళ్ళ తరబడి పెంచి పోషించిన పాత పద్ధతితోనే! రెండింటి పనీ ఒకటే. కంప్యూటర్ అంచనానీ, ఊరూరా ఉన్న పరికరాల కొలతల్నీ కలిపి, ఇప్పుడు ఆకాశం ఎలా ఉందో తేల్చాలి; దాన్నిబట్టే రేపటి వాన చెప్తారు. దేన్నెంత నమ్మాలో పాతది ఎప్పుడో నిర్ణయించేసుకుంది. కొత్తది అదే అంచనాను చిన్న చిన్న మార్పులతో పదే పదే వేయిస్తుంది. అన్నీ ఒకే మాటంటే నమ్ముతుంది, తలో మాటా అంటే పరికరాల వైపు మొగ్గుతుంది.

మొదటి వారమే కొత్తదాని లెక్క అసలు వానకి దగ్గరగా వచ్చి గెలిచింది. అమ్మాయి ఎగిరి గంతేసింది.

"ఇంకోసారి వేద్దామమ్మా," అన్నారాయన.

కొండప్రాంతం మీద వేశారు. గెలిచింది. "ఇంకోసారి." తుఫాను రోజుల మీద వేశారు, కొన్ని కొలతలు కావాలని దాచేసి మరీ వేశారు. గెలుస్తూనే ఉంది. అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ముసలాయన ఓటమి ఒప్పుకోలేక సాగదీస్తున్నాడని క్యాంటీన్లో అందరి దగ్గరా వాపోయింది.

వానాకాలం ముగిశాక ఇద్దరూ డైరెక్టర్ ముందు కూర్చున్నారు. కొత్తదంటేనే గిట్టని మనిషాయన.

"ఏదో ఒక వారం అదృష్టం కలిసొచ్చిందేమో?"

"వానాకాలమంతా వేశాం సార్," అంది అమ్మాయి.

"కొండల్లో?"

"చూశాం."

"తుఫానులో?"

"చూశాం."

"పరికరాలు మొరాయిస్తే?"

"అదీ చూశాం సార్," అంటూ అమ్మాయి పక్కకి తిరిగింది. ఇంకోసారి గారు కిటికీలోంచి మబ్బులు చూస్తున్నారు. అడగడానికేమీ మిగలక డైరెక్టర్ సంతకం పెట్టేశారు.

"మీది ఓడిపోతుందని ఎప్పుడు తెలిసింది సార్?" అని వరండాలో అడిగిందా అమ్మాయి.

"మొదటి వారమే."

"మరి నన్నింత ఏడిపించారేం?"

"అప్పుడే డైరెక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఒక్క ప్రశ్నతో నిన్ను ఇంటికి పంపేవాడమ్మా. నా పద్ధతిని ఎన్నిసార్లు తిప్పి పంపాడో నాకు తెలుసు."

అమ్మాయి కళ్ళు చెమర్చాయి. "నా కోసం మీ పద్ధతిని మీరే ఓడించుకున్నారా సార్?"

"ఓడిందెవరు తల్లీ? చెప్పిన వాన రాకపోతే జనం ఇన్నాళ్ళూ నన్ను తిట్టారు. రేపట్నుంచి ఆ తిట్లన్నీ నీవే!" అని ఆయన హాయిగా నవ్వారు.