కంప కొట్టిన వాకిలి

మా నాయన వడ్రంగి పని చేసిన ఇళ్ళలో గోడకూ ద్వారబంధానికీ మధ్య సందు కనబడదు. సందు లేక కాదు, ఆయన దాన్ని మూసేస్తాడు కాబట్టి. ద్వారబంధం నిలబెట్టేది ఒకరు, గోడ కట్టేది ఇంకొకరు. ఆ రెండూ కలిసే చోట వంకరటింకర గీత ఒకటి మిగిలిపోతుంది. దాని మీద నాలుగు వేళ్ళ వెడల్పు చెక్కపట్టీ కొట్టి, ఆ పట్టీ మీద తీగో, ముత్యాల వరసో, తామర రేకులో చెక్కేవాడు. ఇంటికి వచ్చిన చుట్టం తీగను చూసి ఆహా అంటాడు తప్ప దాని వెనక ఏముందని అడగడు.

చిన్నప్పుడు ఆ పట్టీలను గరుకు కాగితంతో రుద్దడం నా పని. బడి లేని రోజుల్లో నాయన వెంట యాడికి ఊరికో, తాడిపత్రికో పోయేదాన్ని. వేళ్ళ చివర్లు మండిపోయి నేను సణుగుతుంటే ఆయన ఉలి పక్కన పెట్టి పాఠం మొదలుపెట్టేవాడు.

“గోడ వేరే, మాను వేరే పాపా. మన ఎండకు గోడ ఒక తీరున పోతాది, మాను ఇంకో తీరున పోతాది. ఎంత బాగా కట్టినా సందు వచ్చేది వస్తాది. దాన్ని చూసి ఏడ్చేదానికన్నా పైన ఒక పట్టీ కొట్టల్ల.”

పట్టీలు ఎన్ని రకాలో నాకు ఆ ఇళ్ళలోనే తెలిసింది. యాడికిలో ఒక నూనె వ్యాపారి నట్టింట్లో, కుర్చీ వీపు తగిలి సున్నం రాలిపోకుండా నడుమెత్తున గోడ చుట్టూ పట్టీ కొట్టాడు. అదే ఇంట్లో చీపురు దెబ్బకూ నీళ్ళ చెమ్మకూ గోడ పాడవకుండా అడుగున ఇంకొకటి. తాడిపత్రిలో ఒక బట్టల వ్యాపారి దేవుని గదికి మూడు వరసల పట్టీ చేశాడు. లోపలి వరసలో ముత్యాలు, మధ్యలో తీగ, బయట తామర రేకులు. గోడా కప్పూ కలిసే చోట కొట్టే పట్టీ అన్నిటికన్నా కష్టం. మెడ వెనక్కి వంచి రోజంతా నిలబడాలి. బీరువా అద్దాలను పట్టి ఉంచే సన్నబద్దలు మాత్రం ఆయనకు ఆట. బీడీ తాగుతూ చేసేవాడు.

ఇన్ని ఇళ్ళకు ఇంత సింగారం చేసిన మనిషి సొంత వాకిలి ఎట్లుండేదంటే, చెప్పుకోవడానికి సిగ్గు. వేప ద్వారబంధం, దానికీ మట్టిగోడకూ మధ్య వేలు పట్టే సందు, ఆ సందులో బల్లుల కాపురం. పట్టీ లేదు, పువ్వు లేదు. పొద్దున గడపకు పసుపు రాసేటప్పుడు అమ్మ రోజూ అదే పాట అందుకునేది.

“ఊరోళ్ళ ఇండ్లన్నీ పెండ్లిపందిళ్ళు చేస్తాడు. వడ్లాయన ఇల్లు చూడు, కొట్టం మాదిరి ఉండాది.”

“చేస్తాలేవే, యాడికి పోతాది వాకిలి,” అనేవాడు నాయన. ఇరవై ఏళ్ళు అదే జవాబు చెప్పాడు.

నేను పెళ్ళయి రాయదుర్గం వెళ్ళి, జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో చేరాక, నాయనకు పనులు తగ్గాయి. ఊళ్ళో కొత్త ఇళ్ళకు సిమెంటు ద్వారబంధాలొచ్చాయి. వాటి చుట్టూ కొట్టే పట్టీ కూడా దుకాణంలో దొరికేది. తీగలు అచ్చుపోసిన ప్లాస్టిక్ బద్ద, కావలసినంత కోసి అంటించడమే. నాయనకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. “చెదలు గూడా ముట్టదు దాన్ని. పురుగుకే వద్దంటే మనిషికెందుకప్పా?” అనేవాడు. పని లేని మనిషికి కోపం ఎక్కువ, దగ్గు ఇంకా ఎక్కువ. చెక్కపొడి ఏళ్ళ తరబడి పీల్చిన రొమ్ము అది. డాక్టరు ఇంక ఉలి పట్టొద్దన్నాడు.

ఆయన సరిగ్గా అప్పుడే సొంత వాకిలి పని మొదలుపెట్టాడు.

కొత్త టేకు కొనలేదు. అటక మీద ఒక గోనెసంచి ఉండేది. తాను పని చేసిన ప్రతి ఇంట్లోనూ మిగిలిన ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని అందులో పడేసేవాడు. ఇంటివాళ్ళు వద్దని పక్కన పారేసేవి కాబట్టి అన్నీ అంచు ముక్కలే. చేవ తక్కువ, తెలుపు ఎక్కువ. వాటిని వరసగా అతికి వాకిలి చుట్టూ పట్టీ చేశాడు. ఒక చోట ముత్యాలు, ఒక చోట తీగ, పైన తామర. ప్రతి ముక్క వెనకా పెన్సిల్‌తో అది ఏ ఇంటిదో రాసుకున్నాడు. ‘యాడికి నట్టిల్లు’, ‘తాడిపత్రి దేవుని గది’. కొట్టేశాక ఆ రాత ఎవరికీ కనిపించదు. నేను సెలవుకు పోయి, ఎప్పటిలాగే రుద్దుతూ కూర్చున్నందుకు చూశాను.

పైన ఎడమ మూలలో జానెడు పట్టీ తక్కువ పడింది. సంచి ఖాళీ. మళ్ళీ వచ్చేటప్పుడు రాయదుర్గం దుకాణంలో ప్లాస్టిక్ బద్ద ఒకటి, తీగ అచ్చు ఉన్నది, ఏడిపిద్దామనే తెచ్చి చేతిలో పెట్టాను. తిడతాడనుకున్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, గూట్లో పెట్టాడు. ఆ తర్వాత నేను వచ్చేసరికి మూల నిండిపోయింది, అంతటికీ ముదురు ఎరుపు రంగు పడింది. ఏది కొయ్యో ఏది ప్లాస్టిక్కో తెలిసిన నాకే తెలియలేదు. “అమ్మకు చెప్పొద్దు,” అన్నాడు నాయన.

పని పూర్తయిన రోజు అమ్మ పొయ్యి కూడా వెలిగించలేదట. ఎదురింటి అరుగు మీద కూర్చుని తన వాకిలి తానే చూసుకుందట. నాయన ఫోన్‌లో చెప్పి నవ్వి, నవ్వు దగ్గయి, ఫోన్ పెట్టేశాడు.

తెల్లటి అంచు కొయ్యంటే చెదలకు ప్రాణం. అందుకని ఏటా తొలివానకు ముందు కానుగ నూనె, కిరసనాయిలు కలిపి పట్టీ వెనక సందుల్లోకి కుంచెతో పట్టించేవాడు. మూడేళ్ళు తప్పకుండా చేశాడు. నాలుగో ఏడు నూనె కలిపి డబ్బాలో పోసి అరుగు మీద పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, ఆ అరుగు మీదే పక్కకు ఒరిగి పోయాడు.

నాయన పోయిన నక్షత్రం మంచిది కాదని పంచాంగం చూసే ఆయన చెప్పాడు. ఆరు నెలలు ఎవరూ ఉండకుండా ఇల్లు పాడు పెట్టాలి, లేకపోతే అదే ఇంట్లో ఇంకొకరు పోతారు. మా వైపు ఇది ఎవరూ ఎదురు చెప్పే మాట కాదు. కర్మ అయిపోయాక అమ్మ సామాన్లతో పెద్దనాయన కొట్టంలోకి మారింది. మా వాకిలికి అడ్డంగా తుమ్మకంప నరికి తెచ్చి నిలువెత్తున కొట్టారు. కంప కొమ్మలు పట్టీకి ఆనుకుని ఉండటం నేను చూశాను. చూసి బస్సెక్కాను.

తొలివాన పడిందని తెలియగానే ఒక రోజు సెలవు పెట్టి, నాయన పోయినప్పుడు నా వెంట తెచ్చుకున్న నూనె డబ్బా, కుంచె పట్టుకుని ఊరికి పోయాను. కంప మొదళ్ళకు అప్పటికే ఎర్రమట్టి గీతలు ఎక్కుతున్నాయి. చెదలు. ఒక గీత పట్టీకి జానెడు దూరంలో ఉంది. కంప పక్కకు లాగబోతుంటే పెద్దనాయన పరుగున వచ్చాడు.

“ఏం చేస్తాండావు నువ్వు? కంప కొట్టినాక ఆ వాకిలికి చెయ్యి తగిలిచ్చేది లేదు.”

“లోపలికి పోను పెద్దనాయనా. నూనె రాసి వచ్చేస్తా. చెదలు పడతాండాయి.”

“కొయ్యదేముందిలే, పోతే పోతాది. ఇప్పుడు నువ్వు ముట్టుకుంటే కీడు నీ ఒక్కదానికే కాదు. మీ అమ్మ ఆడుండాది, చూడు.”

అమ్మ వీధి మలుపులో నిలబడి ఉంది. చూపు మా వాకిలి మీదే ఉంది. నాకు ఆ నక్షత్రాల మీద నమ్మకం లేదు. అయినా భయపడ్డాను. అమ్మకు ఏదైనా అయితే ఊరంతా నా చేతిలోని కుంచెనే చూపిస్తుంది, నేనూ దాన్నే చూసుకుంటాను. డబ్బా మూత బిగించి వెనక్కి వచ్చేశాను. పెద్దనాయన మీద కన్నా నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

ఆ ఒక్క వానే. ఆ తర్వాత మబ్బు కూడా పట్టలేదు. శెనక్కాయ చేలు ఊడ దిగి కాయ పట్టకముందే ఎండిపోయాయి. చేలో తినడానికేమీ లేక చెదలు ఊళ్ళోకి వచ్చాయని జనం అనుకునేవాళ్ళు. అమ్మ మాత్రం రోజూ సాయంత్రం కంప దాకా పోయి, బయటి నుంచే వాకిలి చూసి వచ్చి నాకు ఫోన్ చేసేది.

“ఉండాది పాపా. మీ నాయన కొట్టింది కొట్టినట్టే ఉండాది. రంగు గూడా పోలేదు.”

నేను ఊఁ అనేదాన్ని. మట్టి గీతల సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆరు నెలలకు శాంతి చేయించి ఇల్లు తెరిచారు. కంప లాగుతుంటే కొమ్మలు పొడిపొడిగా రాలాయి. దాని వెనక పట్టీ నిజంగానే ఉంది. తీగ, ముత్యాలు, తామర, ఎర్ర రంగు, అన్నీ. అమ్మ తలకు పోసుకుని, గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది. గడపకు రాసింది. తర్వాత లేచి, ముత్యాల వరస మీద బొట్టు పెడదామని వేలు ఆనించింది. వేలు లోపలికి దిగిపోయింది.

అమ్మ వేలు వెనక్కి తీసుకోలేదు. ఏమైందో అర్థం కానట్టు ఇంకా నొక్కింది. రంగు పొర చిట్లి, లోపలి నుంచి ఎర్రమట్టి ఆమె చేతి మీదుగా కారింది. ఒక పక్క కదిలేసరికి పట్టీ మొత్తం పై నుంచి కిందికి కూలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. చప్పుడు చేయడానికి అందులో కొయ్య ఎక్కడుంది? ద్వారబంధం మాత్రం వేప కాబట్టి నిలబడింది, పాత సందుతో సహా.

“పోనీలేమ్మా,” అన్నాడు పెద్దనాయన. “ప్రాణాలు దక్కినాయి గదా.”

“నువ్వు మాట్లాడొద్దు,” అన్నాను. పెద్దవాళ్ళను నేను అంత మాట ఎప్పుడూ అనలేదు. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. అనాల్సింది ఆయన్ను కాదని నాకు తెలుసు.

అమ్మ ఏడవలేదు. చీపురు తెచ్చి ఊడవడం మొదలుపెట్టింది. మట్టి, రంగు పెచ్చులు, చెదల రెక్కలు కుప్పగా చేరాయి. ఆ కుప్పలో జానెడు ముక్క ఒకటి గట్టిగా చీపురుకు తగిలింది. అమ్మ గబుక్కున వంగి తీసుకుంది. ఒక ముక్క మిగిలిందనుకుని ఆమె ముఖంలో వచ్చిన వెలుగు నేను చూడలేకపోయాను. పైట కొంగుతో తుడిచింది. రంగు ఒక చోట లేచి, కింద తెల్లటి ప్లాస్టిక్ బయటపడింది.

“ఇది మీ నాయన చేసింది కాదు,” అనింది. నా చేతిలో పడేసింది.

వెనక్కి తిప్పి చూశాను. ప్లాస్టిక్ మీద పెన్సిల్ నిలవదు కాబట్టి మేకు మొనతో గీకి రాశాడు. ‘పాప తెచ్చింది’. అన్ని ఇళ్ళ పేర్లూ చెదలు తినేశాయి, ఇదొక్కటే ఉంది. నూనె డబ్బా చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయిన పాపది.

అమ్మకు చదువు రాదు. నేను అట్లాగే నిలబడి ఉండటం చూసి అడిగింది.

“ఏం రాసినాడు?”

“కొలతమ్మా,” అన్నాను.

అమ్మ తల ఊపింది. ప్రతిదాని మీదా కొలత రాసేవాడు అనుకుంటూ, మళ్ళీ ఊడవసాగింది.