గరిటె ఇచ్చిన చెయ్యి

స్టీలు గరిటె గిన్నె అంచుకు తగిలి ఖంగుమంటే నా వీపు ఇప్పటికీ నిటారవుతుంది. మొన్న శుక్రవారం మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని మా రూములో బిర్యానీ వడ్డిస్తుంటే ఆ చప్పుడు వినబడింది. వెంటనే షార్జా రోలాలో మా పాత ఫ్లాటు, కిటికీ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని పాఠం చెప్పే సత్యం మాస్టారు గుర్తొచ్చారు. నేను కథ చెబితే చేపపిల్ల తిమింగలమవుతుందని మావాళ్లంటారు. నిజమే. మాస్టారి సంగతిలో మాత్రం గరిటె పొడవు తప్ప ఏమీ పెంచలేదు. అది మూరెడే, నేను బారెడని చెబుతుంటాను.

మాస్టారిది కాకినాడ. షార్జాలోనే ఒక స్కూల్లో సోషల్ చెప్పేవారు. ఫ్లాటులో ఏడుగురం. వంట వంతులవారీగా చేసుకున్నా వడ్డన ఆయనదే. గరిటె పట్టినవాడే రూముకు పెద్ద, అది మా రివాజు. ఎవరి పళ్లెంలో ఎంత పడాలి, ఏ మంచం ఎవరిది, అన్నిటికీ ఆ మాటే మాట. ఆయన వడ్డించినన్నాళ్లూ మాడిన అడుగు ఆయన పళ్లెంలోకే వెళ్లేది.

కరోనా వచ్చి అందరం ఇంట్లో ఇరుక్కున్నాక పొద్దున లేస్తే తగాదా. పొయ్యి దగ్గర తగాదా, బాత్రూము దగ్గర తగాదా. తీర్పులు చెప్పీ చెప్పీ మాస్టారు నీరసించిపోయారు. అప్పుడు దుర్గారావు ముందుకొచ్చాడు. క్రేన్ ఆపరేటరు, మామూలుగా పలకరించినా పదో అంతస్తుకు వినబడుతుంది.

“గరిటె నాకిచ్చి చూడండి మాస్టారూ. రెండ్రోజుల్లో అందర్నీ లైన్లో పెడతాను.”

మాస్టారికి ఆ మనిషంటే పడదు. రెండుసార్లు కాదన్నారు. పక్కనున్నవాళ్లం ఊరుకున్నామా? “మేం లేమా అండీ. మమ్మల్ని దాటి ఎక్కడికి పోతాడు?” అన్నాం. ఆయన గరిటె ఇచ్చేసి కిటికీ దగ్గరికెళ్లి కూర్చున్నారు.

నిజంగానే తగాదాలు ఆగాయి. మాటలూ ఆగాయి. దుర్గారావు భోజనాలకు రెండు బంతులు పెట్టాడు: జీతం వచ్చేవాళ్లకు మొదటిది, పని పోయినవాళ్లకు రెండోది. రెండో బంతిలో ఒక్కడే, యాదగిరి. నిజామాబాదు వైపు మనిషి, సైటు మూతపడి రూములో చిక్కుకుపోయాడు. ఇంటికి పోదామంటే విమానాల్లేవు. మాస్టారు అంతా చూస్తూ, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నారు.

ఆ రోజుల్లో తొమ్మిదో తరగతికి జర్మనీ నియంత పాఠం నడుస్తోంది. వాడు కోట గోడ దూకి, కత్తి పళ్ల మధ్య పెట్టుకుని సింహాసనం ఎక్కాడని నేను రూములో ఒక కథ అల్లి చెప్పాను. మాస్టారు విని నవ్వారు.

“గోడ దూకలేదురా. గుమ్మంలోంచే వచ్చాడు. ఓ ముసలి అధ్యక్షుడు, పెద్ద యుద్ధవీరుడు, తలుపు తీసి పిలిచి మరీ కూర్చోబెట్టాడు. వాడంటే ఆయనకు అసహ్యం కూడాను. మేం అదుపులో పెడతాంలెండని చుట్టూ ఉన్నవాళ్లు చెబితే సంతకం చేసేశాడు.”

ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. మర్నాడు క్లాసులో ఒక అమ్మాయి అడిగింది, ఇంగ్లీషులోనే అనుకోండి: “సర్, ఆ ముసలాయన మంచివాడా, చెడ్డవాడా? పరీక్షలో ఏం రాయాలి?”

సరిగ్గా అప్పుడే వంటింట్లో గరిటె ఖంగుమంది.

“యాదగిరీ, రేపట్నుంచి నీ మంచం అద్దె కట్టే కొత్తాయనకి. నీ దారి నువ్వు చూసుకో. ఖలాస్” అన్నాడు దుర్గారావు.

“గిప్పుడు నేను యాడికి పోవాలె అన్నా? రోడ్డు మీద నిలబడనిస్తరా?”

మాస్టారు ఆ అమ్మాయితో, “రేపు చెబుతానమ్మా” అని లాప్‌టాప్ మూశారు. వంటింట్లోకొచ్చి చెయ్యి చాపారు.

“గరిటె ఇటివ్వు దుర్గా.”

“ఇచ్చింది మీరేగా. ఇప్పుడేంటి?”

“అందుకే అడుగుతున్నాను. నువ్వు చేసేదానికి నువ్వు జవాబు చెప్పుకో. ఇచ్చినందుకు నేను చెప్పుకోవాలి.”

దుర్గారావు ఇవ్వలేదు. మాస్టారు లాక్కోలేదు. ఖాళీ పళ్లెం తెచ్చుకుని యాదగిరి పక్కన, రెండో బంతిలో, నేలమీద కూర్చున్నారు. “వీడు వెళితే నా పక్క కూడా చుట్టేస్తాను” అన్నారు, చాలా మామూలుగా. మొదటి బంతిలో ముద్ద ఎత్తినవాళ్లం దించేశాం. నేను లేచాను. తర్వాత ఒక్కొక్కరూ లేచి ఆ వరసలోకే వచ్చారు. చివరికి నిండు గిన్నె ముందు దుర్గారావు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. వడ్డించడానికి మొదటి బంతిలో మనిషి లేడు.

చాలాసేపటికి గరిటె గిన్నెలో వదిలేశాడు. మాస్టారు పక్కకు జరిగి, “రా, నువ్వూ కూర్చో. పప్పు చల్లారిపోతోంది” అన్నారు. ఆ మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడ్డం ఆ రోజే విన్నాను: “కాస్త మజ్జిగుందా?”

యాదగిరి మంచం యాదగిరికే ఉంది. గరిటె మళ్లీ తీసుకోమంటే మాస్టారు ఒప్పుకోలేదు. రోజుకొకరి వంతు పెట్టారు. మర్నాడు ఆ అమ్మాయికి జవాబు చెప్పారు: “చెడ్డవాడు కాదమ్మా, అలిసిపోయాడు. అయినా ఆ సంతకం ఆయనదే. రెండూ రాయి.”

మాస్టారు పోయారని నిరుడు కబురొచ్చింది. ఇప్పుడు మా రూములోనూ గరిటెది రోజుకొకరి వంతు. అయినా ఎవడో ఒకడు, “అన్నా, నువ్వలిసిపోయావ్, అంతా నేను చూసుకుంటాలే” అని చెయ్యి చాపుతూనే ఉంటాడు. నిజమే, అలిసిపోతాను. అప్పుడు గరిటె కింద పెడతాను. కిందే పెడతాను, ఎవడి చేతిలోనూ పెట్టను.