నతానియేలు అడవినాభి

ముప్పై నాలుగేళ్లు బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన నతానియేలు, ఊపిరి ఆడక మాటలు తగ్గించుకున్నాడు. పొద్దున్నే గోడ పట్టుకుని క్వార్టరు పెరట్లోకి వచ్చి, పాత నూనె డబ్బాల ముందు పీట వేసుకుని కూర్చుంటాడు. మట్టిలో తడిని వేళ్లతో తాకి చూసి చెంచాతో నీళ్లు పోస్తాడు. ఓపెన్‌కాస్టు గని కోసం అడవి కొట్టేసే ముందు వారం తానే వెళ్లి ఏరుకొచ్చిన అడవినాభి గింజలను వాటిలో నాటాడు. మొదటి ఏడాది ఒక్కటీ మొలవలేదు. రెండో వానాకాలంలో నాలుగు మొలిచాయి, గడ్డిపోచల్లా. చలికి ఆకు ఎండిపోయినా మట్టికింద దుంప బతికే ఉంటుందని, ఇంకో రెండేళ్లకు ఎర్రటి పువ్వు పూస్తుందని ఆయనకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన దవాఖాన నుంచి వచ్చేసరికి కోడలు కెరోలిన్ ఆ డబ్బాల్లో కొత్తిమీర చల్లుతోంది.

"ఈ డబ్బాలల్ల మట్టేది బిడ్డా?"

"అన్ని ఎండిపోయినయి గద మామా. మట్టంత పొద్దుగాల చెత్త ట్రాక్టర్ల ఏసిన."

"చావలే. దుంపలు లోపల పండుకున్నయి."

ఆమె చేతులు ఆగిపోయాయి. "అయ్యో! మళ్ల గింజలు తెచ్చుకుందాం మామా."

"ఏడికెల్లి తెస్తవ్? ఆడ అడివి లేదు, మట్టిగుట్టలున్నయి."

కెరోలిన్ కళ్లు తుడుచుకుంది. నతానియేలు దగ్గు ఆగేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నీ తప్పేముంది బిడ్డా. రెండేండ్ల సంది నీకు ఒక్క మాటన్న చెప్పకపోతి."