మెట్టు మీది కదిరమ్మ

హిందూపురం మెయిన్ బజార్లో నా కుట్టు మిషనుకు ఎదురుగా ఒక పాత రాతి మిద్దె ఉంది. అందులోకి కొత్తగా ఎవరు దిగినా నాకు అనుమానమే. చీరలకు ఫాల్ కుడుతూనే ఓ కన్ను అటు వేసి ఉంచుతాను. నా చిన్నప్పుడు అక్కడ బెల్లం మండీ ఉండేది. తర్వాత ఎస్‌టీడీ బూత్, క్యాసెట్ల షాపు, ఫోటో స్టూడియో, సెల్‌ఫోన్ రిపేరు వచ్చాయి. మధ్యలో ఒక చీటీల ఆఫీసు కూడా వచ్చి, ఓ తెల్లారేసరికి బోర్డుతో సహా మాయమైంది. ఆ చీటీలవాడి నవ్వు చూసినప్పుడే అనుకున్నాను నేను!

ఇన్ని షాపులు మారినా, ఆ మిద్దె మెట్టు మీద కదిరమ్మక్క మాత్రం మారలేదు. రొద్దం నుంచి కోడలిగా వచ్చింది. మొగుడు చింతపండు మార్కెట్లో హమాలీ. ఆయన నడుము పడిపోయాక ఈమె బుట్ట పట్టింది. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి, దిష్టి తగలకుండా అంగళ్ల గుమ్మాలకు కడుతుంది. మొగుడు పోయాక కూడా అన్నం పెట్టింది ఆ మెట్టే. మిద్దెలోకి ఎవరు వచ్చినా మొదటి దండ ఊరికే కట్టేది. నోరు మాత్రం అబ్బో, దాని జోలికి పోకూడదు.

మొన్నీమధ్య గుడిబండ కుర్రాడు కిషోర్ అందులో రెడీమేడ్ బట్టల షాపు పెట్టాడు. బేరాలు లేవు. ఈ మిద్దెలో ఎవరూ నిలవలేదని ఎవరో చెవిలో ఊదినట్టున్నారు, కదిరమ్మ వైపు ఓరగా చూడటం మొదలుపెట్టాడు.

ఒక అమావాస్య పొద్దున షట్టరు ఎత్తితే గడప మీద కోసిన నిమ్మకాయ చెక్కలు, వాటికి కుంకుమ. బజారంతా జనం.

"నువ్వే పెట్టిండావు! ఇంతమందిని దివాలా తీయించింది నువ్వే. చేతబడి చేస్తాండావు!" అని అరిచాడు.

"నేను కట్టిన కాయలు ఊరంతా ఉండాయి. యాడన్నా చెడు జరిగిందా నాయనా?" అంది కదిరమ్మ. వాడు వినలేదు, బుట్ట తీసి రోడ్డు మీద పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెను మెట్టు ఖాళీ చేయించడానికి వాడే ఆ చెక్కలు పెట్టుకున్నాడని నా అనుమానం.

ఆమె బుట్టను నా గడప పక్కన పెట్టించాను. కానీ చేతబడి మాట పాకిపోయాక ఆమె చేతి దండ ఎవరు కట్టుకుంటారు? పొద్దున తెచ్చిన బుట్ట సాయంత్రం అట్లాగే ఇంటికి పోయేది. "అమ్మా నీలా, పస్తులుంటే ఉంటా గానీ ఈ పేరుతో ఎట్లా బతికేది?" అని ఒకరోజు ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

మళ్లీ అమావాస్య వచ్చింది. నేను పొద్దున్నే వచ్చి తాళం తీస్తుంటే, ఒకామె కిషోర్ షాపు గడప దగ్గర వంగి నిమ్మకాయ కోస్తోంది. పరుగున పోయి చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరమ్మా నువ్వు?"

"కిషోర్ వాళ్లమ్మను, వరలక్ష్మిని. మావానికి దిష్టి తగలకుండా పెడతాండా. చెప్తే నవ్వుతాడని చెప్పలేదు. పోయిన అమాసకూ పెట్టి, వెంటనే బస్సెక్కి ఊరికి పోతిని."

కొడుకు వచ్చేదాకా ఆమెను వదల్లేదు. తల్లి మాట విని వాడి మొహం మాడిపోయింది.

మధ్యాహ్నం ఎండకు బజారు ఖాళీ అయ్యాక మెల్లగా మా దగ్గరికొచ్చాడు. "తప్పైపోయింది అవ్వా. మళ్లా మెట్టు మీద కూచో."

కదిరమ్మ తలెత్తలేదు. "తిట్టింది అందరి ముందర, పిలిచేది ఎవరూ లేనప్పుడా? రేపు జనం ఉన్నప్పుడు రా అబ్బా."

వస్తాడని నాకు నమ్మకం లేదు. అమ్మను తీసుకుని ఊరికి చెక్కేస్తాడనుకున్నాను. మరుసటి రోజు బజారు కిటకిటలాడే వేళకు వచ్చి నిలబడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి.

"ఆ నిమ్మకాయలు పెట్టింది మాయమ్మ. ఈ అవ్వకేం సంబంధం లేదు. తప్పు నాది," అన్నాడు. దారిన పోయేవాళ్లు ఆగారు.

కదిరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, గుచ్చుతున్న దండ పక్కన పెట్టింది.

"సరిగా వినపడలేదప్పా. ఆ చివర పూలంగడి దాకా వినపడాల."

కిషోర్ గొంతెత్తి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.